స్తంభం చూడు బిడ్డా

మా ముత్తయ్య మామ లెక్కలో ఆగిన కారంత ప్రమాదమైనది లోకంలో మరొకటి లేదు. నడిచే కారులో నిశ్చింతగా ఉంటాడు. అది ఆగిందంటే మాత్రం వెనక్కి జారుతోందని కంగారు పడిపోతాడు.

కొంపల్లి సిగ్నల్ దగ్గర పక్క బస్సు కాస్త ముందుకు కదిలితే చాలు, రెండు కాళ్లతో బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగి, నా చెయ్యి పట్టుకుంటాడు. "దీపా, బండి ఎనక్కి పోతాంది. జర ఆ స్తంభం చూడు బిడ్డా, ఆడనే ఉన్నదా?" ఉందని నేను చెప్పాలి. అప్పుడుగానీ ఆయన ఊపిరి పీల్చుకోడు. కదిలింది బస్సు, మనం కాదని స్కూలు పుస్తకం ముందు పెట్టి చెప్పినా లాభం లేకపోయింది. బస్సును నమ్మొద్దట, లారీని నమ్మొద్దట. భూమిలో పాతినదాన్నే నమ్మాలట.

ఒకసారి రైల్వే గేటు దగ్గర స్తంభమేదీ కనబడక, పడుకున్న బర్రెను సాక్షిగా పెట్టుకున్నాడు. గేటు తీసే వేళకు బర్రె లేచి నడక మొదలుపెట్టింది. కారే వెనక్కి పోతోందనుకుని మామ హ్యాండ్ బ్రేకును ఎంత గట్టిగా లాగాడంటే, దాన్ని దించడానికి నేను, ఐలమ్మ అత్త, వెనక లారీ డ్రైవరు ముగ్గురం కావలసి వచ్చింది. వెనక బండ్ల హారన్లకు అత్త సిగ్గుపడి ముఖం మీదికి కొంగు లాక్కుంది.

చిత్రమేమిటంటే, ఈయన ఇరవై రెండేళ్లు కాలేజీ బస్సు నడిపాడు. దాని మీద ఒక్క గీత పడలేదు.

ఆ రోజుల్లో నాకు నవ్వే ఓపిక లేదు. శామీర్‌పేట దగ్గర విత్తనాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఊరూరూ తిరిగే పని, సోమవారంలోగా డ్రైవింగ్ లైసెన్సు చూపించకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. నేనేమో రెండుసార్లు పరీక్ష తప్పాను. రెండుసార్లూ ఎత్తు మీద ఆగినప్పుడే. పక్క వరుసలో కారు ముందుకు కదిలేది, నాది వెనక్కి పోతున్నట్టనిపించేది, కంగారులో క్లచ్ వదిలేసేదాన్ని, ఇంజను ఆగిపోయేది. మామ పక్కన కూర్చుని కూర్చుని ఆ జబ్బు నాకూ అంటుకుందని ఒళ్లు మండింది. మూడో పరీక్ష రోజు పొద్దున ఆయనతో మాట్లాడనే లేదు.

నన్నూ అత్తనూ పరీక్ష మైదానం గేటు దగ్గర దించి, కారు నిలపడానికి వెళ్తూ మామ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. ఇటు బస్సు కదిలింది. అటు లారీ కదిలింది. నేను ఊపిరి బిగబట్టి చూశాను. మామ నిమ్మళంగా పల్లీలు ఒలుచుకుని తింటున్నాడు.

"అత్తా, మామ భయపడతలేడేంది?"

అత్త నవ్వింది. "నువ్వు బండిల లేవు కదనే. నీకు ఐదేండ్లప్పుడు గిట్లనే బస్సు కదిలితే, మన కారు ఎనక్కి పోతాందని ఒకటే ఏడ్సినవ్. పోరగాండ్లంత నవ్విన్రు. ఇగ కారే ఎక్కనన్నవ్. అప్పటిసంది భయం ఆయనది, ధైర్యం చెప్పుడు నీది."

నాకదేమీ గుర్తు లేదు. పొద్దున ముఖం తిప్పుకున్నందుకు సిగ్గేసింది. అంతలో నా పేరు పిలిచారు.

డ్రైవింగ్ స్కూలు కారులో ఎత్తు మీద ఆగాను. పక్క కారు కదిలింది. నాది వెనక్కి పోతున్నట్టే అనిపించింది. గోడ పక్కనున్న కరెంటు స్తంభం వైపు చూశాను. అది అక్కడే ఉంది. అంటే నేనూ అక్కడే ఉన్నాను. క్లచ్ మెల్లగా వదిలాను. కారు బుద్ధిగా ఎత్తెక్కింది.

తిరుగు దారిలో నేనే నడిపాను. మేడ్చల్ డిపో దగ్గర ఆగగానే పక్క బస్సు కదిలింది. మామ బ్రేకు లేని చోట రెండు కాళ్లూ తన్నిపెట్టి నోరు తెరవబోయాడు. ఈసారి నేనే ముందు అన్నాను.

"మామా, బండి ఎనక్కి పోతాంది. జర ఆ స్తంభం చూడు."

మామ నన్ను చూశాడు. వెనక్కి తిరిగి, కిటికీలోంచి ఎటో చూస్తున్న అత్తను చూశాడు. దొరికిపోయానని తెలిసినట్టుంది. అయినా తల బయటపెట్టి స్తంభాన్ని పైనుంచి కిందిదాకా శ్రద్ధగా పరీక్షించాడు.

"ఆడనే ఉన్నది బిడ్డా," అని పల్లీల పొట్లం నా వైపు జరిపాడు.