హాబ్ కింద మూసిన తలుపులు

2022 వేసవి. నా రిటైర్మెంటుకు ఇంకా పది నెలలు ఉంది. వంటింటి సామాను అమ్మే ఒక షోరూంకి హైదరాబాద్ కొత్తగూడలో సర్వీస్ సెంటర్ ఉండేది. అక్కడ నేను సూపర్‌వైజర్‌ని. మేము చూసేవన్నీ బిల్ట్-ఇన్ రకం, అంటే గట్టు మీద పెట్టుకునేవి కాక, గట్టును కోసి అందులో దించి బిగించేవి. అలా బిగించిన గ్యాస్ పొయ్యిని హాబ్ అంటారు.

నా కింద యాదగిరి అనే టెక్నీషియన్ ఉండేవాడు. నల్గొండ జిల్లా మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. పని నేర్పింది నేనే. కానీ కస్టమర్లు ఫోన్ చేస్తే "యాదగిరిని పంపండి" అనేవారు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో నన్ను పేరు పెట్టి అడిగిన ఇల్లు ఒక్కటీ లేదు. అతనిది పనితనం కాదు, మాటకారితనం అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. అతని ఫోన్ మోగినప్పుడల్లా మాత్రం నా చెవి అటే ఉండేది.

ఆ ఏప్రిల్లో సుహాసిని గారనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఇంటి నుంచి ఫిర్యాదు వచ్చింది. హాబ్ మంట పసుపుగా వస్తోంది, గిన్నెల అడుగులు మసిబారుతున్నాయి. మంట నీలంగా ఉంటే గ్యాస్ సరిగా మండుతున్నట్టు. పసుపు రంగు వస్తే గాలి చాలడం లేదని గుర్తు. బర్నర్ కన్నాలు పూడినా, కడిగి తడిగా బిగించినా అలాగే అవుతుంది.

మూడుసార్లు వెళ్లాను. ప్రతిసారీ నా వరుస ఒకటే. ముందు గట్టు కింది అలమర తలుపులు బార్లా తెరవడం, గ్యాస్ కట్టేయడం, పైపు చూడడం, బర్నర్లు విప్పి శుభ్రం చేయడం, వెలిగించి చూడడం. మూడుసార్లూ మంట నీలంగానే వచ్చింది. నేను వచ్చేసిన మర్నాడు మళ్లీ పసుపే. మూడో రిపోర్టులో "వాడకంలో లోపం, బర్నర్లు తడిగా బిగిస్తున్నారు" అని రాసి సంతకం పెట్టాను.

ఆ ఇంట్లో వంట చేసే పోచమ్మ బోరబండ నుంచి వచ్చేది. "ఆరబెట్టినంకనే పెడ్తున్న సారూ" అని ఆమె చెబుతూనే ఉంది. సుహాసిని గారు రిపోర్టు చదివి, "ఎన్నిసార్లు చెప్పాలి పోచమ్మా? ఈ నెలాఖరుకి వేరే ఇంట్లో పని చూసుకో" అన్నారు. ఆ తర్వాత వారానికి మళ్లీ ఫోన్ చేసి, "ఏమీ అనుకోకండి, ఈసారి యాదగిరి గారిని పంపుతారా? మా పక్క ఫ్లాట్ వాళ్లు చెప్పారండి" అన్నారు.

పర్యవేక్షణ పేరుతో నేనూ వెంట వెళ్లాను. అతను కూడా ఓడిపోతే చూడాలని వెళ్లాను. సుహాసిని గారు లోపలి గదిలో ఆఫీసు మీటింగులో ఉన్నారు.

యాదగిరి సంచి పక్కన పెట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "అక్కా, జర చాయ్ పెట్టు. రోజు ఎట్ల పెడ్తవో గట్లనే."

"రిపేరుకొచ్చినవా, చాయ్ తాగనీకొచ్చినవా?" అంది పోచమ్మ.

"రెండిటికి."

ఆమె కింది అలమరలోంచి గిన్నె తీసి, తలుపు కాలితో నెట్టేసి, పొయ్యి వెలిగించింది. నీలం మంట. పాలు వేడెక్కేలోపు అంచులు పసుపయ్యాయి. యాదగిరి వంగి తలుపు తెరిచాడు. నీలం. మూశాడు. కాసేపటికి పసుపు.

తలుపుల అంచుల చుట్టూ కొత్త రబ్బరు పట్టీ అతికించి ఉంది. "గిదెప్పుడేసిన్రు?"

"బొద్దింకలు వస్తున్నయని మేడం ఏపిచ్చింది. రెండు నెలలాయె."

చాలా హాబ్‌లు గాలిని కింది అలమరలోంచే తీసుకుంటాయి. దాన్ని బిగుతుగా మూస్తే మంటకు గాలి అందదు, గ్యాస్ లీకైనా బయటికి పోయే దారి ఉండదు. ఇది యాదగిరికి నేర్పింది నేనే. మొదటి పనిగా తలుపులు తెరిచే నాకు ఆ లోపం కనిపించే అవకాశమే లేకపోయింది.

"మేడంకు మీరే చెప్పుండ్రి సార్" అన్నాడు.

సుహాసిని గారు బయటికి వచ్చారు. రబ్బరు పట్టీ తీసేయాలని, తలుపులకు గాలి జాలీలు పెట్టాలని, మర్నాడు కార్పెంటర్‌ని తెస్తానని చెప్పాను.

"అయితే తడి బర్నర్ల వల్ల కాదాండి?"

పోచమ్మ నా వంకే చూస్తోంది. కాదంటే మూడు సంతకాలూ తప్పని ఒప్పుకున్నట్టు. అదీ యాదగిరి ముందు.

"అదీ కొంత ఉండొచ్చండి" అన్నాను.

లిఫ్టులో యాదగిరి, "సార్, ఆమె పని పోతది" అన్నాడు.

"నాకు తెలీదా?"

"నేను జెప్పినా మేడం ఇంటది. గని రిపోర్టు మీది. మీరు జెప్తేనే మీకు ఇజ్జత్."

నా పరువు కూడా అతనే కాపాడుతున్నాడు. నాకు మరింత మండింది. ఆ రోజు సర్వీస్ డైరీలో లోపం, కారణం, మరమ్మతు వివరంగా రాశాను. కనిపెట్టిందెవరో రాయలేదు.

మర్నాడు పొద్దున కార్పెంటర్‌తో వెళ్లాను. అతను పట్టీ పీకుతుంటే సుహాసిని గారిని వంటింట్లోకి పిలిచాను. "నిన్న తప్పు చెప్పానండి. తడి లేదు, పోచమ్మ పొరపాటేమీ లేదు. పరీక్షించిన తీరులో లోపం నాది." అక్కడితో ఆగిపోవచ్చు. "కనిపెట్టింది యాదగిరి" అన్నాను.

"అయ్యో, వచ్చే నెలకి ఇంకొకావిడని మాట్లాడేశానండి!" అంటూ ఆవిడ అప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పేశారు. తర్వాత పోచమ్మ వైపు తిరిగి, "నువ్వే ఉండు. ఏమనుకోకు" అన్నారు.

పోచమ్మ ఆవిడకు తలూపింది. నాతో మాత్రం, "మూడుసార్లు జెప్పిన సారూ. మీరు రాసుకుంటనే ఉన్నరు. నా దిక్కు ఒక్కపారి సూడలే" అంది.

మిగిలిన నెలల్లో ఏ ఇంటికి వెళ్లినా, దేన్నీ ముట్టుకోకముందు, వంట చేసేవాళ్లను వాళ్ల అలవాటు ప్రకారమే చేయమని చెప్పి పక్కన నిలబడ్డాను. సగం లోపాలు అప్పుడే బయటపడేవి. ఇది ఎక్కడ నేర్చుకున్నారు అని కొత్త టెక్నీషియన్లు అడిగితే, యాదగిరి దగ్గర నేర్చుకున్నానని చెప్పేవాణ్ణి. సంతోషంగా చెప్పానని రాస్తే అబద్ధమవుతుంది. కానీ అడిగిన ప్రతిసారీ చెప్పాను.