జీపు వెనక సీటు కీలు

గ్రీజు, తుప్పు, తడిసి ఎండిన రెక్సిను, మూడూ కలిసిన వాసన తగిలితే చాలు, మేట్టుపాళయం దారిలోని మా పోకతోట నా కళ్లముందు నిలుస్తుంది. మొన్న ఆర్.ఎస్. పురంలోని మా ఇంట్లో మా మనవడు రఘు, ఎన్నో ఏళ్లుగా షెడ్డులో పడివున్న మా నాయన జీపును బాగుచేస్తానని వాకిట్లోకి తోయించాడు. ఇంజను పలికింది. వెనక మడతసీట్లు మాత్రం గడగడ కొట్టుకుంటూనే ఉన్నాయి. బోల్టులు బిగించాడు, రబ్బరు వాషర్లు వేశాడు, సీటు కింది చెక్క మార్చాడు. చప్పుడు పోలేదు.

ఆ చప్పుడులోనే నేను పెరిగాను. వానలు వెలిసి, నీలగిరి మీంచి చల్లగాలి దిగే రోజుల్లో పిల్లలమంతా ఆ సీట్లమీద ఎదురెదురుగా కూర్చుని, మోకాళ్లు మోకాళ్లకు కొట్టుకుంటుంటే, ఒడిలో అమ్మ కట్టిచ్చిన మురుకుల మూట, కజ్జికాయల మూట పెట్టుకుని, మలుపుల్లో దేన్నీ పట్టుకోకుండా ఎవరు నిలుస్తారో పందెం వేసుకునేవాళ్లం. సీటు మరీ ఊగితే నాయన పోకమట్ట ముక్క మడిచి కీలు సందులో దోపేవాడు, కొబ్బరితాడుతో కట్టేవాడు, ఆకువక్క నములుతూ ఆ బండిని చేసినవాడి వంశాన్ని తిట్టేవాడు.

కూలీలు ఎక్కే రోజున ఆ తాడు విప్పేవాడు. రెండు సీట్లూ పైకి మడిచి, పక్కరేకుకు కొక్కెం తగిలించాకే వాళ్లు ఎక్కాలి. వాళ్లూ మాలాగే ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు. అయినా మేం కూర్చునే సీటు మీద వాళ్లు కూర్చోకూడదు. మేం కాళ్లు పెట్టే రేకు మీద కూర్చోవాలి. వాళ్లు దిగాక మాకోసం మళ్లీ సీట్లు దించాలి. మడవడం, దించడం, ఏళ్ల తరబడి అదే.

ఒక వానాకాలం పొద్దున తోట కాపలా చూసే కరుప్పన్ పెండ్లానికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. ఆస్పత్రికి పోకపోతే తల్లీబిడ్డా దక్కరంది. నాయన వెంటనే జీపు తీశాడు. తీసి, మొదట వెనక సీట్లు మడిచాడు.

"సామీ, ఈ ఒక్క దినం సీటు మిందనే పండబెట్టుకుంటా," అన్నాడు కరుప్పన్.

"ఏమ్రా, మా ఇంటి ఆడోళ్లు కూకునే చోటు అది. కింద గోనెసంచి పరుచుకో, పో!"

తోడుగా అమ్మ ముందు సీట్లో ఎక్కింది. నేను ఆమె ఒడిలో ఉన్నాను. చక్రం గుంతలో పడగానే కొక్కెం ఊడి, సీటు వచ్చి కింద పడుకున్న కరుప్పన్ పెండ్లాం భుజం మీద పడింది.

"తప్పయిపాయ సామీ, నేనే అడ్డముంటిని," అంది.

అమ్మ వెనక్కి తిరిగి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన బండి ఆపి, దిగి, సీటును మళ్లీ పైకి మడిచి, ఈసారి తాడుతో బిగించి కట్టి, అప్పుడు బయల్దేరాడు.

ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు. సీటు వల్లేనని ఎవరూ అనలేదు. కాదని నేను అనలేను.

చివరికి రఘు కీలు ఊడదీసి తెచ్చి నా ముందు పెట్టాడు. పిన్ను సన్నబడిపోయింది, గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం గుడ్డులా సాగింది.

"ఏందవ్వా ఇది? మడిచి దించి, మడిచి దించి అరగ్గొట్టినారే! ఏంటికి? లగేజి ఏత్తా ఉంటిరా?"

"లగేజి కాదురా, మనుషుల్ని," అన్నాను. ముసలితనంలో అక్షరాలు దిద్దినదాన్ని, నున్నగా చెప్పడం నాకు రాదు. జరిగింది జరిగినట్టే చెప్పాను.

వాడు ఆ కీలును పాతగుడ్డతో తుడిచాడు. తర్వాత, "ఆమె పేరేంది అవ్వా?" అని అడిగాడు.

పోకతోట ఇప్పుడు ఇళ్ల ప్లాట్లు. మంత్రసానులు లేరు, మురుకులు కవర్లలో వస్తున్నాయి. ఆ తోటలో కట్టేసిన ఆవుల పేర్లు నాకు ఇవాళ్టికీ తెలుసు: లచ్చి, గౌరి, బొల్లి. ఆమెను మేం కరుప్పన్ పెండ్లామనే పిలిచాం.