మిగిలిన ఒక్క మాట

పక్షవాతం నాన్న కుడిచేతినీ కుడికాలినీ పడగొట్టి, మాటలన్నీ తుడిచేసి, ఒక్కటి మాత్రం వదిలిపెట్టింది. వెధవ.

నాన్న కొవ్వూరులో లెక్కల మాస్టారు. పాలవాడినైనా, ఆటో అతన్నైనా, మార్కులు కలపమని బతిమాలే తండ్రినైనా 'అండి' లేకుండా పలకరించి ఎరగడు. ఆ మర్యాదంతా ఊరికి. నాకు మాత్రం వెధవే. లెక్క తప్పితే, "వెధవా, బుర్రలో మట్టుందా?" ఒప్పయితే, "ఎవడిది చూసి రాశావురా, వెధవా?" ఆ మనిషంటే నాకు అసహ్యం ఉండేది. ఇప్పుడా సంగతి దాచి ప్రయోజనం లేదు.

రాజమండ్రి ఆసుపత్రిలో పదకొండో రోజున నోరు పెగిలింది. డాక్టరుగారు మంచం మీదికి వంగి, "మాస్టారూ, ఎలా ఉందండీ?" అని అడిగారు.

"వెధవ," అన్నాడు నాన్న.

దాహమేసినా అదే, నొప్పెట్టినా అదే. అమ్మని చూసినా అదే. చూడ్డానికొచ్చిన మా మేనత్త చెవులు మూసుకుంది.

"ముత్తయిదువని పట్టుకుని ఆ మాటేంటి వదినా!"

"అననీ వదినా. అనడానికి మనిషున్నాడు. నాకది చాలు," అంది అమ్మ.

ఒక మాట వచ్చింది కాబట్టి మిగతావీ రావచ్చన్నారు డాక్టరుగారు. రెండో మాట వస్తే నాన్నని ద్రాక్షారామం తీసుకొస్తానని అమ్మ భీమేశ్వరుడికి మొక్కుకుంది. ఇంటికి తీసుకొచ్చాక రోజూ పక్కన కూర్చుని నీళ్ళు, అన్నం, అబ్బాయి అని చంటిపిల్లాడికి నేర్పినట్టు నేర్పేది. నేను బెడ్‌పాన్ తీసేవాణ్ణి, ఒళ్ళు తుడిచేవాణ్ణి, తిట్లు తినేవాణ్ణి. ఒకరోజు దుప్పటి మారుస్తూ, పనిచేయని ఆ చేతిని కావాలనే విసురుగా పడేశాను. ఎదురు కొట్టలేడు కదా అని.

మూడు వారాలకి రెండో మాట వచ్చింది. గడ్డానికి సబ్బు రాస్తున్నాను. నాన్న నా మొహం కేసి చాలాసేపు చూశాడు. ఎడమచేతిని కష్టపడి నుదుటిదాకా ఎత్తాడు.

"అండి," అన్నాడు.

అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "విన్నావా? మాట వచ్చిందిరా!" అని ఏడుస్తూ, నవ్వుతూ దేవుడి పటం దగ్గరికి వెళ్ళింది.

నేను బ్లేడు చేతిలోకి తీసుకున్నాను. నలభయ్యేళ్ళలో నాన్న నన్నెప్పుడూ అండి అనలేదు. అది పరాయివాళ్ళని అనే మాట. నన్నెవరో మంగలి అనుకున్నాడు నాన్న. అమ్మకి మాత్రం చెప్పలేదు. ఇన్నాళ్ళకి నవ్వింది, నవ్వనీ అనుకున్నాను.

గీయడం మొదలుపెట్టాను. బ్లేడు జారి చెంప తెగింది. నాన్న నా చేతిని ఒక్క తోపు తోసి, నా కళ్ళలోకి సూటిగా, పాత కోపంతో చూశాడు.

"వెధవ!"

ఆ మాట విన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

"అవును నాన్నా, నేనే," అన్నాను.