తిరుగుటపా మాస్టారు

తిరుగుటపా మాస్టారికి ఎవరేం చెప్పినా ఆయన దాన్ని తిరిగి వాళ్ళకే చెప్పేవారు. అక్షరం పొల్లు పోయేది కాదు. చెప్పి, "కరెక్టేనా?" అని అడిగేవారు. అవతలివాళ్ళు అవునన్న తరువాతే అడుగు కదిపేవారు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. విమానాశ్రయం టవర్‌లో కూర్చున్నవాళ్ళు ఏ ఆదేశం ఇచ్చినా పైలట్ దాన్ని తిరిగి అప్పజెప్పాలి. సరిగ్గా విన్నాడో లేదో తేల్చుకోవడానికి అది పద్ధతి. పేరు రీడ్‌బ్యాక్. ఆ టవర్ ఉద్యోగాలకు పిల్లలను తయారుచేసే శిక్షణ కేంద్రంలో మాస్టారు పాఠాలు చెప్పేవారు. మిగతా మాస్టర్లు సాయంత్రం ఈ రీడ్‌బ్యాక్‌ను ఆఫీసులో వదిలి ఇంటికి పోయేవారు. ఈయన వెంట తీసుకుపోయేవారు.

క్యాంటీన్ అతను, "టీ అయిపోయింది మాస్టారూ, కాఫీ ఉంది," అనేవాడు.

"టీ అయిపోయింది, కాఫీ ఉంది. కరెక్టేనా?"

అతను అవుననబోయి, ఎందుకైనా మంచిదని గిన్నె మూత తీసి చూసుకునేవాడు. సగం సార్లు టీ ఉండేది.

ఒకసారి ఇంట్లో భార్యకు ఒళ్ళు మండి, "మీకసలు నేనంటే లెక్కే లేదు," అంది.

"నాకసలు నువ్వంటే లెక్కే లేదు. కరెక్టేనా?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "మరీ అంత కాదులెండి. కాళ్ళు కడుక్కుని రండి, వడ్డిస్తాను." ఆ తరువాత పక్కింటావిడతో మొరపెట్టుకుంది. "నా మాటలు నాకే తిరిగొచ్చి తగులుతుంటే ఇంక పోట్లాడుకోవడంలో సరదా ఏముందమ్మా?"

ఆ యేటి బ్యాచ్‌లో ఒక దర్జీగారి కూతురు ఉండేది. తన కూతురు విమానాలు నడుపుతోందని ఆమె తల్లి అప్పటికే వీధంతా చాటేసింది. "నడపడం కాదమ్మా, ఎప్పుడు దిగాలో చెప్పడం," అని కూతురు సరిదిద్దింది. "అంటే పైలట్‌కి పై అధికారివన్నమాట," అని తల్లి ఆ వార్తను పక్క వీధికి కూడా పాకించింది. ఈ పై అధికారి అప్పటికి పరీక్ష రెండుసార్లు తప్పి ఉంది. ఈసారి కూడా తప్పితే కేంద్రం వాళ్ళు పెట్టె సర్దుకోమంటారు.

పాఠం రాక కాదు. పరీక్ష పెట్టే చీఫ్ గారు, పొరపాటు దొర్లగానే వెనక నుంచి "తప్పు" అని గర్జిస్తారు. ఆ గర్జనకు ఆమె నాలుక పిడచకట్టుకుపోయేది. తెరమీది ఉత్తుత్తి విమానాలు దారి చెప్పే దిక్కులేక ఒకదాని మీదికొకటి వచ్చేవి.

మూడో పరీక్షకు పైలట్ గొంతు మాస్టారిదని తెలిసింది. పక్క గదిలో కూర్చుని, తెరమీది విమానాలన్నింటి తరఫునా ఆయనే మాట్లాడాలి. అసలే భయం, పైగా ఈయన చాదస్తం. ఇక తెల్లారినట్టే అనుకుంది.

మొదట బాగానే నడిచింది. ఇంతలో రెండు విమానాలు ఎదురెదురుగా వచ్చాయి. ఒకటి అప్పటికే ఐదు వేల అడుగుల ఎత్తులో ఉంది. కంగారులో ఆమె రెండోదాన్ని కూడా ఐదు వేలకే దిగమంది. చీఫ్ గారు గర్జించడానికి నిండుగా ఊపిరి పీల్చుకున్నారు.

అంతలోనే హెడ్‌ఫోన్‌లో మాస్టారు అందుకున్నారు. "దిగుతున్నాం. ఐదు... వేల... అడుగులకి."

రీడ్‌బ్యాక్ నడుస్తుండగా గదిలో ఎవరూ నోరెత్తకూడదు. ఆ రూలు పెట్టింది చీఫ్ గారే. పీల్చిన ఊపిరిని అలాగే బిగబట్టి నిలబడ్డారు, ముఖం కందిపోయింది.

తన మాట ఇంకొకరి గొంతులో వినపడేసరికి ఆమెకు పొరపాటు తెలిసొచ్చింది. "కాదు. ఆరు వేల దగ్గరే ఆగండి."

"ఆరు వేల దగ్గర ఆగుతాం." ఈసారి గబగబా వచ్చింది జవాబు.

తనంతట తాను దిద్దుకున్న పొరపాటుకు మార్కులు పోవు. ఆ అమ్మాయి గట్టెక్కింది.

చీఫ్ గారు పక్క గదిలోకి వెళ్ళారు. "మాస్టారూ, మీరు ఆ పిల్లకి సాయం చేశారు."

"నేను ఆ పిల్లకి సాయం చేశాను. కరెక్టేనా?"

చీఫ్ గారు ఎంత ఆలోచించినా, మాస్టారు తన పని తప్ప ఇంకేమీ చేసినట్టు తేలలేదు. "కాదులెండి," అని వెళ్ళిపోయారు.

తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్న ఆ అమ్మాయికి అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళలో మాస్టారు ఎవరినీ "నీది తప్పు" అనగా తను వినలేదు. ఎవరి మాట వాళ్ళ చేతికే ఇచ్చి, వాళ్ళు దిద్దుకునేదాకా ఓపిగ్గా కాచుకునేవారు. అందరూ దాన్ని చాదస్తమన్నారు, వాళ్ళతోపాటు తనూ అంది. ఆమెకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

సాయంత్రం మాస్టారింటికి వెళ్ళి, "మీవల్లే నేను పాసయ్యాను మాస్టారూ," అంది.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నీవల్లే నువ్వు పాసయ్యావు. కరెక్టేనా?"

రీడ్‌బ్యాక్ తప్పయితే టవర్ ఊరుకోకూడదు. "కాదండీ. మీవల్ల. మళ్ళీ చెప్పండి."

"నీవల్లే నువ్వు పాసయ్యావు."

లోపలి నుంచి ఆయన భార్య తొంగి చూసింది. "ఈయన మాట తప్పుగా అప్పజెప్పడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి వినడం. నువ్వు కూర్చోమ్మా, ఈ విమానం ఇప్పట్లో దిగదు."