వదిన లంగరు వేసిన రోజులు

మొన్న బట్టలారేసుకునే తాడు కొనడానికి చిక్కడపల్లిలో ఒక ప్లాస్టిక్ సామాన్ల దుకాణానికి వెళ్లాను. దుకాణదారు నీలం రంగు తాడు చుట్ట తీసి నా ముందు పెట్టాడు. నేను దాన్ని విప్పి, పురి విడదీసి లోపలి పోగులు చూసి, గోటితో గీకి, కొసను కౌంటర్ అంచుకు వేసి అటూ ఇటూ రుద్ది, రాపిడికి ఎంతసేపు ఓర్చుకుంటుందో పరీక్ష చేశాను. ఆయన కాసేపు ఓపికపట్టి, "మేడం, ఆరేసేది చీరలే కదా? ఏనుగును కడ్తరా ఏంది?" అని అడిగాడు. నవ్వి డబ్బులిచ్చి వచ్చేశాను గాని, ఇల్లు చేరేదాకా మా అన్న పడవే కళ్ల ముందు ఆడింది. ఏనుగును ఎన్నడూ కట్టలేదు. తాడుతో పడవను మాత్రం కట్టాం. హుస్సేన్ సాగర్ నీళ్ల మీద, నేనూ మా వదినా.

మా అన్నకు నారాయణగూడలో కళ్లద్దాల దుకాణం, చిక్కడపల్లిలో ఇల్లు. రెండూ నాన్న నుంచి వచ్చినవే. మేడ మీది గదులు అశోక్‌నగర్‌లో కోచింగ్‌కు వచ్చే పిల్లలకు కిరాయికి ఇచ్చేవాడు. చూసేవాళ్లకు ఈ మనిషికి నీళ్లతో ఉన్న సంబంధం పొద్దున నల్లా వచ్చిందా లేదా అన్నంతవరకే అనిపించేది. కానీ కాలేజీలో ఉన్నప్పుడు నేవీ క్యాడెట్‌గా విశాఖపట్నంలో క్యాంపుకు వెళ్లి, అక్కడి నుంచి సముద్రపు జ్వరం అంటించుకొచ్చాడు. అది మళ్లీ దిగలేదు. నడివయసులో, ఊరు విడిచి వెళ్తున్న ఒక రిటైర్డ్ ఆఫీసరు దగ్గర పాత తెరచాప పడవ కొన్నాడు. చిన్నదే గాని మామూలు షికారు పడవ కాదు. అందులో ఇద్దరు నడుం వాల్చుకునేంత గది, అన్నం కంచమంత కిటికీలు, స్టవ్వు పెట్టుకునే అర ఉండేవి. ఇట్లాంటి వాటిలో జనం నెలల తరబడి సముద్రం మీద ఊళ్లు తిరుగుతారని మాకు చెప్పేవాడు. ఎప్పటికైనా లారీ మీద కాకినాడకు తీసుకుపోయి, ఒడ్డు వెంబడే భీమిలి దాకా పోవాలని అతని ఆలోచన. అంతవరకు అది సికింద్రాబాద్ వైపు ఒడ్డు నుంచి సాగర్ నడుమ ఉన్న బుద్ధుడి దాకా పోయి, బుద్ధుడి నుంచి ఒడ్డుకు వచ్చేది.

పడవ ఉన్న ఇంట్లో పని ఎప్పటికీ అయిపోదు. అడుగున పట్టిన నాచు గీకాలి, రంగు వేయాలి, చుక్కాని కర్రకు వార్నిష్ పూయాలి, కప్పీలకు గ్రీజు పెట్టాలి, తెరచాపను మంచినీళ్లతో ఉతికి ఆరేయాలి. సాగర్ నీళ్ల సంగతి చెప్పనక్కర్లేదు కదా, ఉతికినా ఆ వాసన రెండు రోజులు పోయేది కాదు. వదిన వడియాలు పెట్టుకునే మేడ మీద ఆ తెల్లటి గుడ్డ పరుచుకొని ఉండేది. కోచింగ్ పిల్లలు దాని నీడన కూర్చొని రాజ్యాంగం బట్టీ పట్టేవాళ్లు. ఆదివారం వస్తే అన్న ఇంట్లో ఉండడు. పెళ్లిళ్లకు, సీమంతాలకు వదిన ఒక్కతే వెళ్లేది. "మీ ఆయన ఏడని అడిగితే ఏం చెప్పాలె? నా సవతి కాడికి పోయిండని చెప్తున్న," అనేది. నవ్వుతూనే అనేది గాని, ఆ నవ్వు పెదవుల దాకానే ఉండేది. పాత చీరలు చింపి పడవ తుడిచే గుడ్డలు చేయడానికి మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు. అన్న నా దగ్గరికొచ్చి నావి పట్టుకుపోయేవాడు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. నెలలో కొన్ని రోజులు బంద్ ఉండేది. అట్లాంటి ఒక బంద్ మర్నాడు దుకాణం షట్టర్ ఎత్తుతూ అన్న కిందపడ్డాడు. చెవి లోపల ఏదో తేడా వచ్చిందట, ఉన్నట్టుండి భూమి గిర్రున తిరిగేది. మందులతో కొంత తగ్గింది గాని, డాక్టరు స్కూటర్ నడపొద్దన్నాడు, నిచ్చెనలు ఎక్కొద్దన్నాడు, పడవ మాట అసలే వద్దన్నాడు. అన్న ఎదురు చెప్పలేదు. అదే మమ్మల్ని పరేషాన్ చేసింది. దుకాణానికి నడిచి వెళ్లేవాడు, వచ్చి కుర్చీలో కూర్చునేవాడు, పేపరు మడత కూడా విప్పేవాడు కాదు. అన్నం వడ్డిస్తే తినేవాడు, వడ్డించకపోతే అడిగేవాడు కాదు. పడవ పేరెత్తలేదు. వర్షాకాలం మధ్యలో, ఒడ్డున పడవలకు కాపలా ఉండే తాత ఫోన్ చేసి, మీ పడవ సగం నీళ్లతో నిండింది, ఇట్లనే ఉంటే మునుగుతది సారూ అన్నాడు. అన్న విని, "ఎవరికన్న ఇచ్చేయ్ తాతా," అని ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్లి పడుకున్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే వదిన నారాయణగూడలోని మా ఇంటికి వచ్చింది. తను పెళ్లయి వచ్చేనాటికి నేను గౌన్లు వేసుకునేదాన్ని. నాకు నలభై దాటినా, కాలేజీలో లెక్కలు చెప్పే మేడమ్‌నైనా, తనకు పిల్లనే.

"పిల్లా, నీ చుడీదార్ ఒకటియ్యి నాకు."

"ఎందుకు వదినా?"

"చీర కట్టుకొని పడవ ఎక్కొస్తదా?"

నా స్కూటీ మీద కవాడిగూడ మీదుగా వెళ్లాం. తను ఎన్నడూ చుడీదార్ వేసుకోలేదు. దారంతా చున్నీని కొంగులా భుజం మీదికి లాక్కుంటూనే ఉంది. పడవను చూసి నాకు ఏడుపొచ్చింది. గదిలో నల్లటి నీళ్లు, పైన పావురాల రెట్ట, తాళ్ల మీద ఆకుపచ్చ బూజు. వదిన నడుం మీద చేతులు పెట్టుకొని, చుట్టాలు నాశనం చేసిపోయిన వంటింటిని చూసినట్టు చూసింది. "బకెట్ పట్టు," అంది. మధ్యాహ్నం దాకా తోడాం, కడిగాం, తోమాం. మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లాం. ఈసారి తన పాత చీరలు తానే చింపి సంచిలో తెచ్చింది.

అసలు పని ఇంటి దగ్గర మొదలైంది. సాయంత్రం చాయ్ ఇచ్చి వదిన అన్న ఎదురుగా కూర్చునేది. "అగో ఆ కొసకున్న తాడు మొత్తం చీకిపోయింది. ఏ తాడు తేవాలె?" అని అడిగేది. మొదట్లో ఆయన, ఏదో ఒకటి తెమ్మనేవాడు. వదిన నిజంగానే ఏదో ఒకటి తెచ్చేది. కావాలనే తెచ్చేదో, తెలియకనో నాకిప్పటికీ తెలియదు. అది చూసి ఆయన ఉండబట్టలేక, "గిదేంది? గిది బావిల చేదకు కట్టే తాడు!" అని కుర్చీలోంచి లేచేవాడు. ఒకనాడు లంగరు సంగతి వచ్చింది. ఆయన తాంబాళంలో బియ్యం పోయించి, గరిటెకు దారం కట్టి అందులో పెట్టాడు. "పైకి గుంజు," అన్నాడు. వదిన గుంజితే గరిటె లేచొచ్చింది. "ఇప్పుడు దారం పొడుగ్గ ఇడిసి, కింద కింద గుంజు." గరిటె బియ్యంలోకి ముక్కు దూర్చి ఆగిపోయింది.

"చూసినవా? బరువుతోని ఆగదు లంగరు. పండుకొని బురదను కరుచుకుంటే ఆగుతది. అందుకే నీళ్ల లోతుకు ఎన్నో రెట్లు తాడు ఇడువాలె. ఆగినమా లేదా అన్నది నీళ్లను చూస్తే తెల్వది. ఒడ్డు మీద రెండు గుర్తులు చూసుకో, ఒకదాని వెనుక ఒకటి. అవి పక్కపక్కకు జరిగితే పడవ జరుగుతున్నట్టు."

"చూసిన గాని, బియ్యమంత చాప మీద పోసినరు," అంది వదిన. కానీ బియ్యం ఎత్తడానికి లేవలేదు. ఆయన మాట్లాడుతున్నాడు కదా మరి.

పడవ బాగయ్యాక, మొదట్లో తాత తన తెడ్డు పడవతో మమ్మల్ని లాక్కెళ్లి మధ్యలో వదిలేవాడు. కొన్నాళ్లకు ముందు వైపుండే చిన్న తెరచాపతో మేమే వెళ్లడం నేర్చుకున్నాం. అన్న ఆటోలో ట్యాంక్‌బండ్ మీదికి వచ్చి, రెయిలింగ్ పట్టుకొని నిలబడి ఫోన్‌లో చెప్పేవాడు. అందుకే మేము ఎప్పుడూ కట్టకు కనుచూపులోనే లంగరు వేసేవాళ్లం. ఒకసారి లంగరు ఎంత గుంజినా రాలేదు. నేనూ వదినా వెనక్కి వాలిపోయి లాగితే, తుప్పు పట్టిన ఇనుప చువ్వల చట్రం, దానికి అంటుకొని ఇంత గడ్డీ మట్టీ పైకి వచ్చాయి. ఏ ఏడాదో నిమజ్జనమైన గణపతిది. వదిన తాడు పట్టుకున్న చేతులతోనే దండం పెట్టి, "స్వామీ, మాది చిన్న పడవ. జర ఇడువు," అంది. చువ్వను పక్కకు తోస్తే జారి మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోయింది. కట్ట మీద అన్న కడుపు పట్టుకొని నవ్వడం ఇక్కడికి కనిపించింది.

తర్వాతి ఎండాకాలంలో జరిగింది చెప్పాలి. మధ్యాహ్నం దాటింది. లంగరు వేసి, తెరచాప దించి కట్టేసి, పులిహోర తిని గిన్నెలు కడుక్కుంటున్నాం. నెక్లెస్ రోడ్డు వైపు ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. ఎవరో తలుపు తోసినట్టు ఒక్కసారి గాలిదుమారం వచ్చి పడింది. నీళ్లు లేచాయి. పడవ ముందుకొస ఎగిరి ఎగిరి పడుతోంది, మా వెనుక ట్యాంక్‌బండ్ రాళ్ల వాలు. నేను గది తలుపు పట్టుకొని కూర్చుండిపోయాను. వదిన మాత్రం ఒడ్డు వైపు చూస్తోంది.

"పిల్లా, ఆ లైటు స్తంభం తెల్ల బిల్డింగుకు నడిమిట్ల ఉండె గదా?"

ఉండేది. ఇప్పుడు బిల్డింగు దాటిపోయింది. లంగరు బురదను దున్నుకుంటూ వస్తోంది. మేము రాళ్ల మీదికి పోతున్నాం. వదిన సంచిలో ఫోన్ మోగడం మొదలైంది. ఆగి మళ్లీ మోగింది. వదిన దానివైపు చూడలేదు. చేతులతో పాకుతూ ముందుకొసకు పోయి, లంగరు తాడు ముడి విప్పింది. నాకు పిచ్చెత్తినట్టయింది.

"వదినా, ఇడువకు! రాళ్లు దగ్గరికొచ్చినయి!"

"ఇడువకపోతే అది పండుకోదు పిల్లా," అని అరిచింది. "గుంజితే లేచొస్తది."

తాడును కొయ్యకు ఒక చుట్టు వేసి, కొంచెం కొంచెంగా వదిలింది. తాడు తన అరచేతుల్లోంచి జారుతుంటే వెనుక రాళ్ల మీద అలలు పగిలే చప్పుడు వినిపిస్తోంది. ఆ రాళ్ల సందుల్లో ఇరుక్కున్న కొబ్బరికాయ చిప్పలు కూడా నాకు కనిపించాయి. తాడు చివరికొచ్చింది. వదిన ముడి వేసి, దాని మీద పడుకున్నంత పని చేసింది. పడవ ఇంకా జారింది. ఇంకా. అప్పుడు ఒక కుదుపు వచ్చి నేను బోర్లా పడ్డాను. లేచి చూస్తే ముందుకొస గాలికి ఎదురుగా తిరిగి నిలబడింది. స్తంభం, బిల్డింగు కదలడం లేదు. వాన మొదలైంది.

వెనక్కి తిరిగి చూస్తే, రాళ్ల మీద, నీళ్ల అంచున మా అన్న ఉన్నాడు. తల తిరిగి మెట్లు కూడా దిగలేని మనిషి, రెయిలింగ్ దాటి, ఆ తడి రాళ్ల మీద చేతులూ మోకాళ్లూ ఆనిస్తూ కిందికి దిగొచ్చాడు. మేము రాళ్లకు కొట్టుకోకుండా చేతులతో ఆపుదామనుకున్నాడట. ఒక రాయిని కావలించుకొని కూర్చున్నాడు. చెప్పులు లేవు, మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి నెత్తురు కారుతోంది. గాలి కాస్త తగ్గాక మాకూ ఆయనకూ మధ్య మాట వినబడేంత దూరమే ఉంది.

"ఫోన్ ఎందుకు ఎత్తలె?" అని అరిచాడు.

"చేతుల తాడుంది. ఎత్తితే ఏం చెప్తుంటిరి?"

"తాడు ఇడువుమని చెప్తుంటి."

"ఇడిసిన గద!"

ఆయన నవ్వాడో ఏడ్చాడో వానలో తెలియలేదు. కాసేపటికి వదిన అడిగింది, ఈసారి కొంచెం నెమ్మదిగా. "పడవ పగులుతదని గింత దూరం దిగొచ్చినరా? పడితే ఏమయ్యేది?"

అన్న మొహం తుడుచుకున్నాడు. "పడవ యాదికే రాలె," అన్నాడు.

వదిన అటు తిరిగి, తడిసిన చున్నీని పిండింది, విప్పి మళ్లీ పిండింది. పైన రోడ్డు మీద వాన తగ్గేదాకా నిలబడ్డవాళ్లు ఇద్దరు దిగొచ్చి, అన్నను చెరో రెక్కా పట్టుకొని పైకి తీసుకుపోయారు. సాయంత్రం తాత వచ్చి మమ్మల్ని ఒడ్డుకు చేర్చాడు. వదిన అరచేతులు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. ఇంటికి వెళ్లాక అన్న కొబ్బరినూనె సీసా తెచ్చుకొని ఆమె ముందు కూర్చున్నాడు. నేను చాయ్ తాగకుండానే వచ్చేశాను.

ఆ తర్వాత అన్న మెల్లగా మామూలు మనిషయ్యాడు. జబ్బు పూర్తిగా పోలేదు గాని, దానికి భయపడటం మానేశాడు. దుకాణంలో మళ్లీ గిరాకీలతో తగువులాడటం మొదలుపెట్టాడని విని అందరం సంతోషించాం. పడవ ఇంకో రెండేళ్లు మాతోనే ఉంది. కొత్త రాష్ట్రం వచ్చిన ఎండాకాలంలో, మోకాళ్లు తాడు గుంజనీయడం లేదని వదినే ఇచ్చేద్దామంది. సికింద్రాబాద్ నుంచి ఒక పడుచు జంట వచ్చి తీసుకున్నారు. వదిన ఆ పిల్లాడితో ఏమీ మాట్లాడలేదు. భార్యను పక్కకు పిలిచి, లంగరుకు కట్టిన గొలుసును చేతిలో పెట్టి, అది పైకి వచ్చినప్పుడు బురద అంటి ఉందో లేదో చూసుకోవాలని, లేకపోతే లంగరు పట్టలేదని అర్థమని, మగవాళ్లు అయిపోయింది పోదామని తొందర పెడితే వినొద్దని చాలాసేపు చెప్పింది. ఆ అమ్మాయి బుద్ధిగా విన్నది.

ఇప్పుడు ఆ రోజులు తలుచుకుంటే నాకు వరుసగా ఆదివారాలే కనిపిస్తాయి. నాచు గీకిన ఆదివారం, వాన పడ్డ ఆదివారం, ఏ గాలీ లేక ముగ్గురం ఊరికే ఎండలో కూర్చున్న ఆదివారం. మిగతా రోజులు కూడా ఉండే ఉంటాయి. ఆ సోమవారాలూ మంగళవారాలూ కాలేజీకి వెళ్లాను, బోర్డు మీద లెక్కలు చేశాను, వంట చేశాను, జీతం తీసుకున్నాను. వాటిలో ఒక్కటీ గుర్తు లేదు. మనం బతికిన కాలంలో మనకు మిగిలేది ఇంతేనేమో, అయినా ఆ కొంచెమే ఇంత ఉంది.