తడిగోనెలో పలకరాయి

ఉదయం ఆరున్నరకు గుంటూరులో పాసింజరు ఎక్కాను. మూడో తరగతి టిక్కెట్టు, ఒళ్ళో తోలుసంచి, సంచిలో మార్కాపురం రాళ్ళు. రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి. ఫ్యాక్టరీ రాయిని కాలేజీ పరీక్షించడం, కాలేజీ విద్యార్థులు ఫ్యాక్టరీలో పని నేర్చుకోవడం మా భూగర్భశాస్త్ర శాఖలో అదే మొదలు. ఆ పని డిమాన్‌స్ట్రేటరునైన నా చేతికి వచ్చిందని ఒకటే ఉబలాటం.

పలకల ఫ్యాక్టరీ యజమాని రంగయ్యశెట్టి గారు కొత్త గుంటలోని రాయి పంపారు. అది పలకలకు పనికొస్తే అక్కడ గని తెరుస్తాననీ, మా పదిమంది విద్యార్థులకు వేసవంతా పని నేర్పిస్తాననీ రాశారు. మా పరీక్షలో ఆ రాయి పొరలుగా చీలలేదు, ముక్కలైంది. ‘పనికిరాదు’ అన్న రిపోర్టు నా జేబులో ఉంది. అది ఇచ్చేస్తే గనీ లేదు, శిక్షణా లేదు. ఒక్కసారి ఆ గుంటను కళ్ళతో చూశాకే ఇస్తానని పట్టుబట్టి బయల్దేరాను.

పదకొండింటికి కురిచేడులో మేకలమ్మిన పెద్దమ్మ ఒకామె ఎక్కి, నా సంచి జరపబోయింది.

“ఏంది నాయనా, ఇంత బరువు?”

“కాలేజీ రాళ్ళమ్మా.”

“రాళ్ళకు చదువేంది! మా చేన్లోవి గూడ తోలుకపో” అని పెట్టెంతా నవ్వించింది.

ఒంటిగంటకు మార్కాపురం రోడ్డులో దిగాను. ఊరు దూరం, జట్కా తప్పదు. హోటల్లో ఇంత తిని మూడింటికి గుంట చేరాను. శెట్టిగారు అక్కడే ఉన్నారు.

అక్కడ పలకలు చీల్చే దావీదు తడిగోనె ఎత్తి, రాయి తీసి, ఉలి ఆనించి రెండు దెబ్బలు వేశాడు. రాయి పుస్తకంలా విచ్చుకుంది. సంచిలోని ముక్క ఇచ్చాను. వేలితో కొట్టి విన్నాడు.

“ఇది సచ్చిపోయింది సారూ. తడారితే పలకరాయి సీలదు. ఎన్ని దినాలు ఎండబెట్టినారు?”

పరీక్షకు తేమ ఉండకూడదని మూడు రోజులు ప్రయోగశాల ఓవెన్‌లో ఎండబెట్టింది నేనే! సిగ్గు ముంచుకొచ్చింది, అంతకు మించి సంతోషం. రాయి మంచిదే. తప్పు నాది. శెట్టిగారి ముందే రిపోర్టు చింపేశాను.

ఆయన పకపకా నవ్వారు. “గని తెరుస్తా అయ్యవారూ. పిల్లోళ్ళను పంపండి. అయితే ముందు మీరొక రాయి చీల్చండి.”

రెండు విరిగాయి. మూడోది చీలింది. చిన్నపిల్లాడిలా కేక పెట్టాను.

కాలేజీ ముందే తయారుచేసిన ఒప్పందం కాగితంలో ‘శిక్షకుడు’ అన్నచోట నా పేరు టైపు చేసి ఉంది. కొట్టేసి ‘దావీదు’ అని రాసి చదివి వినిపించాను.

“నా పేరేంది సారూ? నేను బడి ముఖం సూడనోణ్ణి.”

“మా పిల్లలకు ఇది చెప్పగలవాళ్ళు మా కాలేజీలో లేరు” అన్నాను. శెట్టిగారు అక్కడే సంతకం పెట్టారు.

మర్నాడు తిరుగు పాసింజరులో తడిగోనె చుట్టిన రాయి నా ఒళ్ళో ఉంది. స్టేషను వచ్చినప్పుడల్లా దిగి నీళ్ళు చల్లాను. అటు రాళ్ళకోసం వెళ్ళేవాళ్ళు గోనెసంచి మరిచిపోవద్దు. మూడేళ్ళుగా పాఠాలు చెబుతున్న నేను గుంటూరు చేరేదాకా విద్యార్థిలాగే కూర్చున్నాను. రాయి ఆరనివ్వలేదు.