బోస్టన్ ప్లీడరు, ఖాజా పప్పు

కరోనాకి రెండేళ్ల ముందు వేసవిలో, రంజాన్ సెలవులు అయిన మర్నాడే నన్ను మస్కట్ హెడ్డాఫీసు నుంచి మబేలా లేబర్ క్యాంపుకి పర్సనల్ ఆఫీసరుగా బదిలీ చేశారు. ఉత్తరంలో దాన్ని ప్రమోషన్ అన్నారు. నేనూ కాదనలేదు. పర్సనల్ ఆఫీసరంటే బయటివాళ్లు ఏదో పెద్ద హోదా అనుకుంటారు. మూడు వందల మంది వీసా గడువులు చూడడం, సెలవు కాగితాలు రాయడం, పైన పుట్టిన కోపాన్ని కిందికీ, కింద పుట్టిన కోపాన్ని పైకీ సరైన ఫారంలో పంపడం, ఇంతే ఆ పని. వరంగల్లో లా చదివాను. నల్లకోటు కూడా కుట్టించాను. దాన్ని ఒక్క ఫొటో కోసం వేసుకున్నాను.

క్యాంపులో నాకిచ్చిన పోర్టా క్యాబిన్ అనే రేకుల గదిలో అంతకుముందు ఒక అమెరికన్ కన్సల్టెంటు ఉండేవాడట. వెళ్తూ వెళ్తూ ఒక విరిగిన కుర్చీ, ఒక లావుపాటి పుస్తకం వదిలేశాడు. అమెరికా పుట్టిన రోజుల్లోని నాయకులూ పేరున్న ప్లీడర్లూ ఎలా బతికారో రాసిన పుస్తకం, రెండో సంపుటం. మొదటిది దొరకలేదు కాబట్టి ఆ మహానుభావుల బాల్యాలు నాకు ఇప్పటికీ తెలియవు. అందరూ నడివయసులోనే పరిచయమయ్యారు. వాళ్లలో చాలామంది ప్లీడర్లే. ఒక దేశం పెట్టాలంటే ఎంతమంది ప్లీడర్లకి తీరిక ఉండాలో అది చదివాకే అర్థమైంది.

అందులో నాకు బాగా నచ్చినాయన బోస్టన్‌లో ప్రాక్టీసు చేసేవాడు. తర్వాత అమెరికాకి రెండో అధ్యక్షుడయ్యాడు గానీ, నాకు ప్లీడరుగానే పరిచయం కాబట్టి ప్లీడరుగారనే అంటాను. అప్పటికి అమెరికా ఇంకా ఇంగ్లండు చేతిలోనే ఉంది. ఒక సాయంత్రం జనం ఒక బ్రిటిష్ సిపాయి చుట్టూ చేరి మంచు ఉండలూ, ఆల్చిప్పలూ విసిరారు. సాయానికి వచ్చిన సిపాయిలు తుపాకులు పేల్చారు. ఐదుగురు చనిపోయారు. ఆ సిపాయిల పక్షాన నిలబడే ప్లీడరు దొరకడం కష్టమైంది. మన ప్లీడరుగారు జనం పక్షం మనిషి. అయినా కేసు తీసుకున్నాడు, తీసుకుని చాలామందిని విడిపించాడు. పేజీలో ఆ చోట నేను పెన్సిలుతో గీత కూడా గీశాను. గీత గీసిన వారానికే నాకో కేసు వచ్చింది.

మా మెస్సు వంటమాస్టరు ఖాజా భాయ్‌ది కడప. ఒమన్‌లో ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆయన పప్పు పల్చగా ఉండేది. అంతకంటే కఠినంగా నేనేమీ అనను, ఎందుకంటే అది నేనూ తిన్నాను. వేసవి మూడు నెలలూ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వం రూలు. కాబట్టి సైటు మొత్తం ఒకేసారి మెస్సు మీద పడేది. ఆ రోజు అలా వచ్చినవాళ్లలో షట్టరింగ్ ఫోర్‌మన్ నర్సయ్య ఉన్నాడు. జగిత్యాల మనిషి, కింద ముప్పై మంది కార్పెంటర్లు. షట్టరింగ్ అంటే కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని పట్టి ఉంచే చెక్కల పెట్టె.

నర్సయ్య గరిటెతో పప్పు ఎత్తి, ధారగా వదిలి, అందరికీ వినపడేలా, "ఏంది ఖాజా భాయ్, ఇది పప్పా, పప్పు కడిగిన నీళ్లా?" అన్నాడు.

ఖాజా భాయ్ తలెత్తకుండానే, "నీ షట్టరింగ్ కంటే గట్టిగానే ఉండాది లేప్పా, కారిపోలేదు కదా" అన్నాడు.

కిందటి నెలలో నర్సయ్య కట్టిన ఒక స్తంభం షట్టరింగ్ ఉబ్బి, కాంక్రీటు కారిపోయింది. ఆ సంగతి సైటంతా తెలుసు, కానీ ఎవరూ పైకి అనకూడదన్న మర్యాద ఉండేది. మర్యాద పోగానే ఖుబూస్‌లు లేచాయి. ఖుబూస్ అంటే బేకరీ నుంచి సంచుల్లో వచ్చే రొట్టె. పది పన్నెండు రొట్టెలు ఖాజా భాయ్ నెత్తికీ, భుజాలకీ తగిలాయి. ఆయన పెద్ద గరిటెడు పప్పు విసిరాడు. అది నర్సయ్య తెల్ల చొక్కా మీద పడింది.

సాయంత్రానికి నర్సయ్య ఫిర్యాదు తయారైంది. వేడి ఆహారంతో దాడి అని రాసి, కింద తొమ్మిది మంది సాక్షులు సంతకాలు పెట్టారు. కంపెనీ నిబంధనల్లో కొట్లాటకి శిక్ష డిస్మిస్. అంటే వీసా రద్దు, టికెట్టు, ఇంటికి. ఖాజా భాయ్‌కి అప్పటికి యాభై ఆరేళ్లు. ఆ వయసులో ఇంకో కంపెనీ వీసా ఇవ్వదు. మర్నాడు చార్జి మెమో అందించడానికి వెళ్తే ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "పోనీలే సార్, ఆడికి పోయి ఏం చేసేది? నాకు మూడు వందల మందికి తప్ప వండేది రాదు. ఇంట్లో నలుగురే ఉండారు" అన్నాడు.

విచారణ అయ్యేదాకా సస్పెన్షన్. విచారణలో నిందితుడు తన తరఫున ఒక ఉద్యోగిని సహాయకుడిగా పెట్టుకోవచ్చు. ఖాజా భాయ్ ఐదుగురిని అడిగాడు. ఐదుగురూ ఆ పప్పు తిన్నవాళ్లే. చివరికి నా క్యాబిన్‌కి వచ్చాడు. పెన్సిలు గీత గీసుకున్నవాడు కాదనడం కష్టం.

ప్లీడరుగారి పద్ధతి ప్రకారమే వెళ్లాలనుకున్నాను. బోస్టన్ కేసులో జ్యూరీలో బోస్టన్ ఊరివాడు ఒక్కడూ లేడు. అందుకని కమిటీలో ఉన్న క్యాంప్ బాస్ వర్గీస్‌ని తప్పించాలని రాశాను. కారణం: ఆయన రోజూ ఈ మెస్సులోనే తింటారు, నిష్పక్షపాతంగా ఉండలేరు. కమిటీ ఛైర్మన్ సాలిం గారు ఒమానీ, హెడ్డాఫీసులో హెచ్చార్ మేనేజరు. మా హిందీ మాకంటే బాగా మాట్లాడతారు. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, వర్గీస్‌ని తీసేసి, బర్కా సైటు నుంచి ఇద్దరు ఇంజనీర్లని వేశారు. విచారణ మర్నాడే పెట్టే అధికారం ఆయనకుంది. పెట్టలేదు. వారం తర్వాతకి వాయిదా వేశారు. ఆయనకి వేరే పనులున్నాయేమో అనుకున్నాను.

ఈలోగా మెస్సు ఆగకూడదు కదా. పప్పు ఎలా చెయ్యాలో తనకి తెలుసని నర్సయ్య అప్పటికే నలుగురిలో చాలాసార్లు చెప్పి ఉన్నాడు. వర్గీస్ ఆయన చేతికే గరిటె ఇచ్చాడు.

నేను సాక్ష్యం భద్రపరిచే పనిలో పడ్డాను. విసిరిన ఖుబూస్‌లలో ఒకటి మెస్సులో బల్ల కింద దొరికింది. కవర్లో పెట్టి, అంటించి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని, క్యాబిన్‌లో ఏసీ కింద అలమారా మీద ఉంచాను. కవరు మీద 'ఎగ్జిబిట్ ఒకటి' అని రాశాను. రెండోది లేదు గానీ, ఒకటి అని రాస్తే కేసుకో బరువు.

విచారణ రోజు సాలిం గారు సీలు విప్పి రొట్టె బయటికి తీసి బల్ల మీద పెట్టారు. టక్‌మంది. బర్కా ఇంజనీరొకాయన దాన్ని తీసుకుని పెన్నుతో కొట్టి చూశాడు. కాంక్రీటు దిమ్మలని పరీక్షించే అలవాటు ఆయనకి.

"చూశారా, ఇలాంటివి పది పన్నెండు వచ్చి తగిలితే మనిషి ప్రాణభయంతో ఏం చేస్తాడు?" అన్నాను. అప్పటికి మంచు ఉండలూ ఆల్చిప్పలూ కూడా వర్ణించేసి ఉన్నాను.

సాలిం గారు రొట్టెని అటూ ఇటూ తిప్పి, "ఇతను మనుషులకి పెట్టేది ఇదా?" అని అడిగారు.

ఆ ప్రశ్న ప్లీడరుగారికి ఎదురైనట్టు రెండో సంపుటంలో లేదు. ఖాజా భాయ్ నా మోచెయ్యి పట్టుకుని, "చెప్పండి సార్, అది బేకరీదని చెప్పండి" అన్నాడు. చెప్పాను. ఆ రోజు అది మెత్తగానే ఉందనీ, వారం రోజుల ఏసీ గాలికి ఇలా అయిందనీ కూడా చెప్పాల్సి వచ్చింది. అలా నా చేత్తోనే ప్రాణభయాన్ని కవర్లో పెట్టేసి, రెండో వాదనకి వెళ్లాను: దాడి వేడి ఆహారంతో అన్నారు, ఆహారం వేడిగా ఉండిందా?

మొదటి సాక్షిని అదే అడిగాను. వాడు నన్ను జాలిగా చూసి, "ఖాజా భాయ్ పప్పు ఎన్నడు వేడిగున్నది సార్?" అన్నాడు.

విచారణ మొత్తంలో నాకు దక్కిన ఒకే ఒక్క అనుకూల సాక్ష్యం అది. రాసుకుంటుంటే నా కక్షిదారు లేచి నిలబడ్డాడు. "ఏంది సార్ ఇది? మీరు నా పక్క వకీలా, వాళ్ల పక్క వకీలా? నా పప్పు దినామూ వేడిగానే ఉంటాది. వీళ్లు స్నానాలు చేసి నింపాదిగా వస్తే సల్లారదా?" కమిటీ ముందు నేరం ఒప్పుకుంటున్నావయ్యా అని చెవిలో చెప్పాను. ఉద్యోగం పోయినా పర్లేదు గానీ పప్పుని అంటే ఊరుకోనన్నాడు.

ఇక కేసు పోయిందనుకున్నాను. అప్పుడు మిగతా సాక్షులు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. రెండోవాడు ఏమీ చూడలేదు, చేతులు కడుక్కుంటున్నాడట. మూడోవాడూ అంతే. వరుసగా ఎనిమిది మంది ఆ క్షణానికి చేతులు కడుక్కుంటూ ఉన్నారు. మా మెస్సులో కుళాయిలు రెండు. సాలిం గారికి ఆ సంగతి తెలుసు. అయినా అడగలేదు.

చివరికి నర్సయ్య వచ్చాడు. వారంలో మనిషి కొంచెం తగ్గినట్టున్నాడు. చేతి మీద చిన్న కాలిన మచ్చ, గడ్డం మీద పిండి. తెలుగులో చెప్తానన్నాడు. వేరే తర్జుమా మనిషి లేడు కాబట్టి వకీలునీ నేనే, దుబాసీనీ నేనే.

"పప్పు నీ మీద విసిరాడా లేదా?" అని అడిగారు ఛైర్మన్.

నర్సయ్య నేల చూస్తూ, "పప్పు నా మీద పడలే సార్. నేనే పప్పుకు అడ్డమొచ్చిన" అన్నాడు.

హిందీలో చెప్పాను. సాలిం గారు ఇంకోసారి చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను. ఆ వాక్యం ఆయన స్వయంగా రాసుకున్నారు. నర్సయ్య తలుపు దగ్గర ఆగి, ఖాజా భాయ్ వైపు చూడకుండానే, "రేపటి సంది వస్తవా మరి? మా పోరగాండ్లు నన్ను బతకనిస్తలేరు" అన్నాడు.

"కందిపప్పు ఎంత పోస్తాండావు?" అన్నాడు ఖాజా భాయ్.

"పది కిలోలు."

"మూడు వందల మందికి పది కిలోలా! నా పప్పు నీళ్లంటివి కదప్పా!"

"ఇద్దరూ బయటికి వెళ్లి మాట్లాడుకోండి" అన్నారు సాలిం గారు. వెళ్లారు. లోపల కమిటీ తీర్పు రాస్తున్నంతసేపూ వాళ్ల మాటలు వినపడుతూనే ఉన్నాయి.

డిస్మిస్ లేదు. ఒక వార్నింగ్ లెటర్. ఖాజా భాయ్ సర్వీసు ఫైల్లో మొదటి నుంచీ వేలిముద్రే ఉంది కాబట్టి లెటర్ మీదా బొటనవేలే వెయ్యాలి. బోస్టన్ సిపాయిల్లో ఇద్దరికి చిన్న నేరం రుజువై, శిక్షగా బొటనవేలి మీద వాత పెట్టారు. రెండు వందల యాభై ఏళ్లలో న్యాయశాస్త్రం వాత నుంచి నీలం సిరాకి వచ్చింది. ఇది అభివృద్ధే.

సాలిం గారిని కారు దాకా సాగనంపుతూ, నా వాదన ఎలా ఉందో చెప్తారేమోనని కొంచెం నెమ్మదిగా నడిచాను. ఆయన ఒకటే అడిగారు: మీ అమెరికా కేసులో కాల్పులకీ సిపాయిల విచారణకీ మధ్య ఎంత కాలం పట్టింది?

దాదాపు తొమ్మిది నెలలన్నాను.

"మనకి ఏడు రోజులు సరిపోయాయి" అని కారెక్కారు.

ఫైల్లో మాత్రం 'సహాయకుడి వాదన విన్న మీదట' అనే ఉంది. ఆ వాక్యం వల్ల తర్వాత హెడ్డాఫీసులో నాకు కొంత పేరు కూడా వచ్చింది, నేను సరిదిద్దలేదు. ఖాజా భాయ్ ఇంకో నాలుగేళ్లు వండి ఇంటికి వెళ్లాడు. పప్పు అప్పుడూ పల్చగానే ఉండేది.

నేను రిటైరై వచ్చేస్తూ ఆ రెండో సంపుటం క్యాబిన్‌లోనే వదిలేశాను. పెద్దవాళ్ల జీవితాలు ఇప్పుడూ చదువుతాను. ప్లీడరు నిలబడి ఏం మాట్లాడాడో వాటిలో వివరంగా ఉంటుంది. వాయిదా ఎవరు వేశారో, ఆ వాయిదా రోజుల్లో వంట ఎవరు చేశారో మాత్రం ఉండదు. పర్సనల్ పనిలో నేను నేర్చుకున్నది అంతే: ఫిర్యాదు చేసినవాడికి వారం రోజులు ఆ పని అప్పగించాలి, ఆ తర్వాతే విచారణ పెట్టాలి.